మూడు సీసాలు, నాలుగు జతల కళ్ళు: ఏ చుక్కలు ఎవరికి?

ఉత్తరం: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లె. మా ఇంట్లో ఇప్పుడు మూడు కంటి చుక్కల సీసాలున్నాయి. మామయ్య గారికి మూడు వారాల కింద ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఆయనకు గాటిఫ్లాక్సాసిన్, ప్రెడ్నిసొలోన్ కలిసిన చుక్కలు రాశారు. ఆయనకు షుగర్ కూడా ఉంది. నాకు పోయిన ఏడాది కనురెప్పల అంచులు వాచి ఎర్రబడితే టోబ్రామైసిన్, లోటెప్రెడ్నాల్ కలిసినవి ఇచ్చారు, సగం సీసా మిగిలింది. మా పదకొండేళ్ల బాబుకు ఎండలు మొదలైతే చాలు, కళ్ళు ఎర్రబడి ఒకటే దురద. మెడికల్ షాపతను మోక్సిఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ కలిసిన సీసా ఇచ్చాడు. వేస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే వారానికి మళ్లీ వస్తుంది. మూడు నెలలుగా ఇదే వరస, నాలుగో సీసా నడుస్తోంది. మొన్న మా ఆయనకు చేలో మొక్కజొన్న ఆకు కంటికి గీరుకుంది. కన్ను ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి, వెలుతురు చూడలేకపోతున్నాడు. బాబు చుక్కలే రెండు పూటలు వేశాం, కొంచెం నెమ్మదించింది. మూడు సీసాల్లోనూ ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్ ఉంటాయట. వీటిలో ఏది బాగా పనిచేస్తుంది? అదొక్కటే తెచ్చిపెట్టుకుంటే అందరికీ సరిపోదా?

సమాధానం: అమ్మా, ముందు మీ ఆయన కన్ను సంగతి. బాబు చుక్కలు ఆయనకు ఇంకొక్కటి కూడా వేయొద్దు, వెంటనే కంటి డాక్టర్‌కు చూపించండి అని మీకు ఉత్తరం అందిన రోజే విడిగా రాశాను. ఇక్కడ మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి కన్ను ఈపాటికి ఇంకో పది ఇళ్లలో ఉండే ఉంటుంది, వాళ్ల అలమారలో కూడా ఇలాంటి సీసా ఒకటి ఉండే ఉంటుంది.

ఆకు, వడ్లపొట్టు, పత్తికట్టె, గడ్డిపరక, ఏదైనా సరే, చెట్టుకో చేనుకో సంబంధించింది కంటికి గీరుకుని ఆ తర్వాత కన్ను ఎర్రబడిందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఫంగస్. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొరను కార్నియా అంటాం. దాని మీద చిన్న గీత పడితే చాలు, ఆకు మీదా మట్టిలోనూ ఉండే ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజులు అక్కడ పాతుకుంటాయి. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో చాలా వంతు ఇవే, అందులోనూ పొలం పనులు చేసేవాళ్లలో. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది, బూజును ఏమీ చేయలేదు. స్టెరాయిడేమో ఆ బూజుతో పోరాడుతున్న మన ఒంటి రక్షణనే అణిచేస్తుంది. అంటే మీరు వేసిన చుక్కల్లో ఒక మందు పనికిరాదు, రెండో మందు శత్రువుకు దారి ఇస్తుంది. మరి నెమ్మదించింది కదా అంటారు. అదే నా భయం. ఎరుపు, నొప్పి అనేవి ఒంటి రక్షణ చేసే పోరాటం వల్ల వచ్చేవి, స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది, లోపల బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

పోయిన కోతలప్పుడు ఒక రైతు వచ్చాడు. వడ్లు ఆరబోస్తుంటే కంట్లో పొట్టు పడిందట. షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన చుక్కలు తొమ్మిది రోజులు వేసుకున్నాడు. మైక్రోస్కోపు ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి చూస్తే నల్లగుడ్డు నడిమధ్య శనగబద్దంత బూడిదరంగు మచ్చ, దాని అంచులు దూదిపింజెలా చీలికలు చీలికలుగా, పక్కనే రెండు చిన్న తెల్ల చుక్కలు, కంటి అడుగుభాగంలో సన్నటి గీతలా చీము. మచ్చ మీద కొంచెం గీకి గాజుపలక మీద పెట్టి చూపిస్తే, వేళ్లలా అల్లుకున్న ఫంగస్ పోగులు ఆయనకే కనిపించాయి. నొప్పి తగ్గింది కదా మానిపోతోందనుకున్నానండీ అన్నాడు. నాటమైసిన్ చుక్కలు గంట గంటకూ వేసి, వారాల తరబడి తిప్పించుకుంటే పుండు మానింది గానీ కంట్లో పువ్వు మిగిలిపోయింది, చూపు సగానికి పైగా పోయింది. మొదటి రోజే వచ్చి ఉంటే ఆ పువ్వు చాలా చిన్నదిగా ఉండేది.

అందుకే మీ ఆయనను జిల్లా ఆసుపత్రికో, కార్నియా గీకి పరీక్ష చేయగల కంటి ఆసుపత్రికో తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఎల్‌.వి. ప్రసాద్ సంస్థకు రెండు రాష్ట్రాల్లోనూ గ్రామీణ కేంద్రాలున్నాయి. వెళ్లేటప్పుడు వేసిన సీసా జేబులో పెట్టుకెళ్లండి, ఎన్నిసార్లు వేశారో దాచకుండా చెప్పండి, తిడతారని చెప్పకపోతే రోగం మారువేషంలో కనబడి డాక్టరే పొరపడతారు. దారిలో కన్ను నలపొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, చనుబాలు, ఆముదం, ఆకు పసరు ఏవీ పోయొద్దు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఈ మూడు సీసాల్లో ఏది మంచిది?

ఇలా కలిపిన చుక్కలు ఎందుకు తయారు చేస్తారో చూడండి. కంటికి ఆపరేషన్ అయింది, వాపు తగ్గాలి, అదే సమయంలో గాయంలోకి క్రిములు దూరకూడదు. లేదా కనురెప్పల అంచుల్లో బాక్టీరియా చేరింది, దానికి ఒళ్లు ఎదురుతిరిగి వాపు కూడా వచ్చింది. ఇలాంటి చోట రెండు మందులూ కావాలి, రెండు సీసాలకు బదులు ఒకటైతే మర్చిపోవడం తక్కువ, ఖర్చూ తక్కువ. అంతవరకు మంచిదే. అయితే మీకు కనిపించే ఉపశమనం, అంటే ఎరుపు తగ్గడం, మంట చల్లబడటం, దాదాపు అంతా స్టెరాయిడ్ చేసే పనే. యాంటీబయాటిక్ ఎక్కువగా కనబడకుండా పనిచేస్తుంది. రేపు వచ్చే చెడు కూడా ఎక్కువగా స్టెరాయిడ్ వైపు నుంచే వస్తుంది. కాబట్టి ఈ సీసాలను పోల్చాలంటే నేను ముందు చూసేది స్టెరాయిడ్ పేరు.

మీ బాబు సీసాలో ఉన్నది డెక్సామెథసోన్, సాధారణంగా 0.1 శాతం ఉంటుంది. గట్టి మందు, త్వరగా పనిచేస్తుంది, కంటిలోపలి ఒత్తిడిని పెంచడంలోనూ అంతే గట్టిది. మీ మామయ్య గారి సీసాలో ఉన్నది ప్రెడ్నిసొలోన్ అసిటేట్, మామూలుగా 1 శాతం. ఇది కార్నియాను దాటి కంటి లోపలికి బాగా వెళ్తుంది, అందుకే ఆపరేషన్ తర్వాత, కంటి లోపల వాపు వచ్చే ఐరైటిస్ లాంటి జబ్బుల్లో మేం దీని మీదే ఎక్కువ ఆధారపడతాం. ఒత్తిడి పెంచే గుణం దీనికీ ఉంది. మీ సీసాలో ఉన్నది లోటెప్రెడ్నాల్, 0.5 శాతం. దీన్ని తయారు చేయడమే వేరే ఆలోచనతో చేశారు. పని ముగిశాక కంటిలో ఉండే ఎంజైములే దీన్ని విరగ్గొట్టి పనిచేయని పదార్థంగా మార్చేస్తాయి, అందువల్ల ఒత్తిడి పెరిగే ప్రమాదం డెక్సామెథసోన్ కంటే, ప్రెడ్నిసొలోన్ కంటే బాగా తక్కువ. తక్కువ అన్నానుగానీ లేదనలేదు, నెలల తరబడి వేస్తే దీనితోనూ పెరిగిన వాళ్లున్నారు. ఫ్లోరోమెథలోన్ అని ఇంకొకటి ఉంది, అది కూడా కంటి పైపొర వాపులకు వాడే తేలికపాటి మందే.

మరి లోటెప్రెడ్నాలే అందరికీ ఇచ్చేస్తే సరిపోదా? కనురెప్పల వాపు ఉన్నవాళ్లలో టోబ్రామైసిన్‌తో డెక్సామెథసోన్ కలిపిన చుక్కలను, టోబ్రామైసిన్‌తో లోటెప్రెడ్నాల్ కలిపిన చుక్కలను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. బాధ తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి, కంటి ఒత్తిడి మాత్రం డెక్సామెథసోన్ వేసిన వాళ్లలో ఎక్కువ పెరిగింది. కాబట్టి రెప్పల వాపుకు, పైపొర జబ్బుకు నా ఓటు లోటెప్రెడ్నాల్‌కే, ధర కొంచెం ఎక్కువైనా సరే. కంటి లోపల తీవ్రమైన వాపు ఉంటే మాత్రం అది ప్రెడ్నిసొలోన్ అంత పనిచేయదు, అక్కడ మెతక మందు ఇచ్చి కూర్చుంటే కంటిపాప లోపల అతుక్కుపోతుంది. ఇంకో మాట, ఐరైటిస్‌లో చాలాసార్లు క్రిములే ఉండవు, అక్కడ స్టెరాయిడ్ విడిగా, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు విడిగా రాస్తారు, యాంటీబయాటిక్ కలిసిన సీసాతో పనేలేదు.

ఇక యాంటీబయాటిక్ సగం. టోబ్రామైసిన్ సూడోమోనాస్ లాంటి బాక్టీరియాల మీద బాగా పనిచేస్తుంది. మోక్సిఫ్లాక్సాసిన్ చాలా రకాల మీద పనిచేస్తుంది, కంటి లోపలికి బాగా చేరుతుంది, గాటిఫ్లాక్సాసిన్ కూడా ఆ కుటుంబమే. మీ మామయ్య గారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఒక మాట: గాటిఫ్లాక్సాసిన్ మాత్రలను మన దేశంలో 2011లో నిషేధించారు, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడమో పెరగడమో జరుగుతోందని. ఎవరో ఫోన్లో అది చూపించి మిమ్మల్ని టెన్షన్ పెట్టొచ్చు. ఆ నిషేధం చుక్కలకు వర్తించదు, కంట్లో వేసే మోతాదు చాలా తక్కువ, ఆయన వాడుకోవచ్చు. నియోమైసిన్ కలిసిన పాత సీసాలు ఇప్పటికీ షాపుల్లో దొరుకుతాయి, అది కొందరికి పడదు, మందు వేసేకొద్దీ రెప్పలు వాచి చర్మం ఎర్రగా పొలుసులు లేస్తుంది, జబ్బు ముదిరిందనుకుని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేసేవాళ్లను చూశాను. మంచి ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు దాని జోలికి నేను పోను.

ఇప్పుడు బాబు. మీ ఉత్తరంలో మీ ఆయన తర్వాత నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ పిల్లవాడే. ఎండలు ముదిరేకొద్దీ దురద, అదీ మగపిల్లాడు, పదకొండేళ్లు, ఆపగానే మళ్లీ రావడం, ఇవన్నీ చూస్తే ఇది వేసవి అలర్జీలా ఉంది, మేం వర్నల్ అంటాం. పొద్దున లేవగానే తెల్లగా తీగలా సాగే పుసి ఉంటోందా చూడండి. పై రెప్ప తిప్పి చూస్తే లోపల కంకర పరిచినట్టు బుడిపెలు ఉంటాయి, అది డాక్టర్ చూస్తారు. అలర్జీలో బాక్టీరియా ఉండదు, కాబట్టి మూడు నెలలుగా మోక్సిఫ్లాక్సాసిన్ ఊరికే పోసినట్టే. తగ్గించింది డెక్సామెథసోన్. నాలుగు సీసాల డెక్సామెథసోన్ పదకొండేళ్ల పిల్లాడి కళ్ళలో పడిందంటే నేను ఊరుకోలేను.

కంటి లోపల నీరు ఊరుతుంది, సన్నటి జల్లెడ లాంటి దారిలోంచి బయటికి పోతుంది. స్టెరాయిడ్ కొందరిలో ఆ జల్లెడను బిగుసుకుపోయేలా చేస్తుంది, నీరు పోక ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 పాదరసం మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. డెక్సామెథసోన్ లాంటి చుక్కలు కొన్ని వారాలు వేస్తే మూడోవంతు మందిలో ఎంతోకొంత పెరుగుతుంది, నూటికి నలుగురైదుగురిలో బాగా ఎక్కువ పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లకోమా, అంటే కంటినరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. పిల్లల్లో అయితే పెద్దల కంటే త్వరగా, ఎక్కువగా పెరగొచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు, లోపల కంటినరం ఎండిపోతూ, చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, పోయిన నరం తిరిగి రాదు. కొందరికి కటకం వెనకభాగాన శుక్లం కూడా పడుతుంది, పన్నెండేళ్లకు శుక్లమా అని తల్లిదండ్రులు నమ్మరు. ఏడో తరగతి చదివే ఒక అబ్బాయిని బోర్డు కనబడటం లేదని, అద్దాలు రాయమని తీసుకొచ్చారు. ఒత్తిడి ఒక కంటిలో 38, ఇంకో కంటిలో 34. రెండు వేసవుల్లో షాపు నుంచి తెచ్చి వేసిన చుక్కలు, పేరు కూడా వాళ్లమ్మకు తెలియదు, ఎర్ర మూత సీసా అని చెప్పింది. ఆమె తప్పేమీ లేదు, బిడ్డ కళ్ళు నలుపుకుంటుంటే చూడలేక వేసింది, అది వేస్తే తగ్గింది, అందులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈ వారంలోనే బాబును తీసుకెళ్లి రెండు విషయాలు అడగండి: ఒత్తిడి ఎంతుంది, కంటినరం ఎలా ఉంది. అలర్జీకి వేరే దారులున్నాయి. ఓలోపటడిన్ లాంటి అలర్జీ చుక్కలు సీజన్ అంతా వాడొచ్చు, తీవ్రంగా ఉంటే సైక్లోస్పోరిన్ చుక్కలో టాక్రోలిమస్ ఆయింట్‌మెంటో రాస్తారు, వీటికి కంటి ఒత్తిడి పెంచే గుణం లేదు. బాగా రేగినప్పుడు కొన్ని రోజులు తేలిక స్టెరాయిడ్ కూడా అవసరం పడొచ్చు, అది డాక్టర్ లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి ఆపాలి. చల్లటి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ కళ్ళ మీద వేయండి, బయటికెళ్తే టోపీ పెట్టండి, కళ్ళు నలపనివ్వకండి, ఆ నలపడం వల్ల కార్నియా పలచబడి ముందుకు సాగే జబ్బు రావొచ్చు. చాలామంది పిల్లల్లో మీసాలొచ్చే వయసుకు ఈ అలర్జీ దానంతట అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా కళ్ళు కాపాడుకోవడమే మనం చేయాల్సిన పని.

మీ మామయ్య గారి విషయంలో చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం, కాబట్టి కలిపేసుకోవద్దు. ఇదంతా చదివి భయపడి ఆయన చుక్కలు ఆపేయకండి. ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ కావాలి. మొదట్లో రోజుకు ఆరుసార్లో నాలుగుసార్లో మొదలుపెట్టి, వారం వారం తగ్గించుకుంటూ నాలుగు నుంచి ఆరు వారాల్లో ముగిస్తారు, ఆయన చీటీలో ఎలా రాశారో అలాగే చేయండి. కన్ను తెల్లబడింది కదా అని మధ్యలో ఒక్కసారిగా ఆపితే వాపు ఎదురు తిరుగుతుంది. ఇంకో కంటికి వేయొద్దు, దానికి ఆపరేషన్ కాలేదు. షుగర్ ఉంది కాబట్టి తిరిగి చూపించుకునే రోజు తప్పకూడదు, ఆ రోజు ఒత్తిడి చూస్తారు. ఈలోగా నొప్పి పెరిగినా, చూపు మందగించినా, పుసి వచ్చినా ఆదివారమని చూడకుండా ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి, లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా ముఖ్యమే.

మీ రెప్పల సంగతి త్వరగా చెప్తాను. మీకు రాసిన మందు సరైనదే, ఆ సీసా మాత్రం పారేయండి. మూత తీసిన నెలకు ఏ కంటి చుక్కలైనా పారేయాల్సిందే, మీది ఏడాది నాటిది. రెప్పల వాపు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు. దానికి రోజువారీ మందు గోరువెచ్చని గుడ్డతో ఐదు పది నిమిషాలు కాపడం, తర్వాత రెప్ప అంచులు శుభ్రం చేయడం. చుక్కలు రేగినప్పుడు కొద్ది రోజులకే.

మీరు అడగలేదు గానీ కళ్ళకలక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సీసాలు ఎక్కువ చేతులు మారేది అప్పుడే. 2023 జూలై, ఆగస్టుల్లో రెండు రాష్ట్రాల్లోనూ బడులూ హాస్టళ్లూ కళ్ళకలకతో ఎలా నిండిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఇలా ఊళ్లకు ఊళ్లను చుట్టేసేది ఎక్కువగా వైరస్. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ కలిపి వేస్తే ఎరుపు త్వరగా తగ్గినట్టుంటుంది గానీ కంట్లో వైరస్ ఎక్కువ రోజులు నిలిచే ప్రమాదం ఉంది, అంటే మనం తగ్గిపోయిందనుకుని బడికి పంపిన పిల్లాడు ఇంకా అంటిస్తూనే ఉంటాడు. చల్లటి గుడ్డ, కన్నీళ్ల లాంటి తేమ చుక్కలు, విడి టవల్, విడి దిండు, చేతులు కడుక్కోవడం, వారం రెండు వారాల ఓపిక, అంతే. చూపు మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా అప్పుడు డాక్టర్ దగ్గరికి. అన్నట్టు, కళ్ళకలక ఉన్నవాళ్ల కళ్ళల్లోకి చూస్తే అంటుకోదు, వాళ్ల చేతులు, టవళ్లు, వాళ్లు పట్టుకున్న వస్తువుల ద్వారా అంటుకుంటుంది.

వైరస్‌లోనే ఇంకో రకం ఉంది, హెర్పిస్. ఇది మామూలుగా ఒక కన్నుకే వస్తుంది, చూడ్డానికి కాస్త ఎర్రబడిన కన్నే. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు కాగితం ముక్కను రెప్పకు తాకించి నీలిరంగు వెలుతురులో చూస్తే కార్నియా మీద ఎండుకొమ్మలాంటి ఆకుపచ్చ గీత మెరుస్తుంది. ఆ కొమ్మ ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే అది దేశపటంలా వ్యాపిస్తుంది. టార్చిలైటుతో చూసి ఇది చెప్పలేరు, షాపు కౌంటర్ మీద నుంచి అసలే చెప్పలేరు. ఎర్ర కన్నుకు ముందుగా పరీక్ష, తర్వాతే స్టెరాయిడ్ అని మేం పట్టుబట్టేది ఇందుకే. చివరికి బాక్టీరియా పుండ్లలో కూడా స్టెరాయిడ్ చేర్చితే మేలా అని మదురై అరవింద్ ఆసుపత్రి, అమెరికా డాక్టర్లు కలిసి 500 మందిలో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఏ బాక్టీరియానో ల్యాబులో తేల్చుకుని, 48 గంటలు యాంటీబయాటిక్ వేశాకే స్టెరాయిడ్ మొదలుపెట్టారు, అంత జాగ్రత్త తీసుకున్నా మొత్తం మీద మూడు నెలలకు చూపులో తేడా రాలేదు. అలాంటిది క్రిమి ఏదో తెలియకుండా ఇంట్లో మొదటి రోజే వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

సీసా కొనేటప్పుడు ముందువైపు పెద్దక్షరాల పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఏ మందులున్నాయో చదవండి. పేరు చివర డి ఉంటే తరచుగా డెక్సామెథసోన్, పి ఉంటే ప్రెడ్నిసొలోన్ అయి ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి అక్షరాన్ని నమ్ముకోకుండా లోపలి పేరే చూడండి. అదే పేరుతో డి ఉన్నదీ లేనిదీ రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి. డాక్టర్ ఉత్త మోక్సిఫ్లాక్సాసిన్ రాస్తే డెక్సామెథసోన్ కలిసింది చేతిలో పెట్టిన సందర్భాలు నేనే చూశాను, అదేదైనా ఒకటేనండీ అన్నారట. ఒకటి కాదు. ఇవన్నీ డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందులు, పెట్టె మీద అలా రాసే ఉంటుంది.

మామయ్య గారికి చుక్కలు ఎవరు వేస్తున్నారో తెలియదు, మీరే అయి ఉంటారు. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ పాలలా ఉంటుంది, మందు అడుక్కి దిగిపోతుంది, వేసే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి, ఊపకపోతే మొదటి రెండు వారాలు నీళ్లు, చివర్లో చిక్కటి మందు పడుతుంది. చేతులు కడుక్కుని, ఆయన్ను పడుకోబెట్టి కింది రెప్పను కొంచెం లాగి, అక్కడ ఏర్పడే చిన్న సంచిలో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్పకు తాకకూడదు. ఒక్క చుక్కే ఆ సంచికి ఎక్కువ, రెండోది చెంప మీదికి కారడానికే. వేశాక కళ్ళు మూసుకోమని ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కండి, ఆపరేషన్ చేసిన కంటిగుడ్డు మీద మాత్రం నొక్కొద్దు. అలా నొక్కితే మందు గొంతులోకి, ఒంట్లోకి దిగడం తగ్గుతుంది, షుగర్ ఉన్న మనిషికి అది మంచిది. వేరే చుక్కలు కూడా ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, పక్కన ఆయన పేరు కూడా రాయండి.

బాబుకు ఒత్తిడి ఎంత వచ్చిందో, రెండు కళ్ళ అంకెలూ నాకు తప్పకుండా రాయండి. మీ ఆయన కన్ను గీకి చూశారా, ఏం తేలిందో అది కూడా.